సీఎన్‌సీ మెషిన్‌కు లైసెన్స్ ఖర్చు లేని సాఫ్ట్‌వేర్.. లైనక్స్‌లో ఫ్రీక్యాడ్, లైనక్స్‌సీఎన్‌సీ పెట్టేముందు ఇవి తెలుసుకోండి

ఊరికో సీఎన్‌సీ రూటర్ వచ్చేసిన రోజులివి. టేకు సింహద్వారాలపై చెక్కడాలు, దేవుడి మందిరాలు, కిచెన్ తలుపుల డిజైన్లు.. ఒకప్పుడు ఉలితో వారాల తరబడి చేసిన పనిని ఇప్పుడు మెషిన్ గంటల్లో చేసేస్తోంది. అయితే మెషిన్ కొన్నవాళ్లలో చాలామంది డబ్బు పెట్టనిది ఒక్కటే.. సాఫ్ట్‌వేర్! పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ కాపీ, పదేళ్ల నాటి విండోస్ కంప్యూటర్. పని నడుస్తోంది కదా అని వదిలేస్తారు. ఆ కంప్యూటర్ మొరాయించిన రోజే అసలు కష్టం మొదలవుతుంది.

దీనికి దారి లేకపోలేదు. డిజైన్ గీయడం దగ్గర్నుంచి మెషిన్ మోటార్లు తిప్పడం వరకు మొత్తం పనిని ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో లైనక్స్‌పై చేసుకోవచ్చు. మరి ఏది ఇన్‌స్టాల్ చేయాలి? ఎక్కడ చిక్కు వస్తుంది? ఏ మెషిన్‌కు ఏది అవసరం లేదు? ఇప్పుడు చూద్దాం..

ఇప్పుడే ఎందుకీ చర్చ?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. వర్క్‌షాపుల్లో ఉన్న పాత కంప్యూటర్లలో చాలావరకు విండోస్ 11కు పనికిరావు. పైగా చిన్న మెషిన్లపై బాగా వాడే మాక్3 సాఫ్ట్‌వేర్‌ది మరో తలనొప్పి. పాత ప్రింటర్ పోర్ట్, అంటే ప్యారలల్ పోర్ట్ ద్వారా మెషిన్‌ను నడపాలంటే దానికి 32 బిట్ విండోస్ ఉండాల్సిందే. ఇక చెక్క చెక్కడాలకు పేరుపడ్డ ఆర్ట్‌క్యామ్‌ను ఆటోడెస్క్ కంపెనీ 2018లోనే ఆపేసింది. తర్వాత అది కార్వెకో పేరుతో వేరే కంపెనీ చేతుల్లోకి వెళ్లింది. పాత కాపీలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 63బి ప్రకారం పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ అని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల నుంచి 2 లక్షల వరకు జరిమానా పడే అవకాశం ఉంది. వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు కొంత సడలింపు ఇవ్వొచ్చు. కానీ తలుపులు చెక్కి అమ్మే షాపు ఆ మాట చెప్పలేదు కదా!

ముందు మీ మెషిన్ ఏ రకమో చూడండి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. లైనక్స్ అనగానే అన్నీ మార్చేయాలనుకుంటారు. అవసరం లేదు.

మెషిన్‌కు చేతిలో పట్టుకునే డీఎస్‌పీ రిమోట్ ఉందా? బటన్లు నొక్కి, పెన్‌డ్రైవ్‌లోని ఫైల్ ఎంచుకుని రన్ చేస్తున్నారా? అయితే మెషిన్ కంట్రోల్‌కు కంప్యూటర్‌తో పనే లేదు. మోటార్లు తిప్పే బాధ్యత మొత్తం ఆ రిమోట్‌దే. మీకు కావాల్సింది డిజైన్ గీసి, జీ కోడ్ ఫైల్ తీసే సాఫ్ట్‌వేర్ మాత్రమే. లైనక్స్‌పై ఫ్రీక్యాడ్ ఒక్కటి పెట్టుకుంటే చాలు.

యూఎస్‌బీ కేబుల్‌తో కలిసే చిన్న బోర్డు ఉంటే అది జీఆర్‌బీఎల్ రకం అయ్యుండొచ్చు. జీఆర్‌బీఎల్ అంటే ఆర్డినో బోర్డులో ఉండే ఉచిత ఫర్మ్‌వేర్. దీనికి ఫ్రీక్యాడ్‌తో పాటు కోడ్‌ను బోర్డుకు పంపే చిన్న ప్రోగ్రామ్ కావాలి. యూనివర్సల్ జీకోడ్ సెండర్, బీసీఎన్‌సీ లాంటివి ఉన్నాయి.. అన్నీ ఉచితమే.

ప్యారలల్ పోర్ట్‌తో నడిచే మెషిన్, లేదా కంట్రోలర్ కాలిపోయి మూలన పడ్డ పాత మిల్లింగ్ మెషిన్ ఉంటే అప్పుడు రంగంలోకి దిగేది లైనక్స్‌సీఎన్‌సీ. ఇక ఫానుక్, సీమెన్స్ లాంటి ఫ్యాక్టరీ కంట్రోలర్ బాగా పనిచేస్తున్న మెషిన్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. అక్కడ కూడా ఫ్రీక్యాడ్‌తో కోడ్ తయారీ వరకే ఆగాలి.

ఫ్రీక్యాడ్.. 2024లో దశ తిరిగింది

ఫ్రీక్యాడ్ కొత్తదేం కాదు. యుర్గెన్ రీగెల్, వెర్నర్ మేయర్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 2002లోనే బయటకొచ్చింది. కానీ 1.0 అనే నంబర్ చేరడానికి 2024 నవంబర్ దాకా పట్టింది. ఇన్నేళ్లూ దీన్ని పట్టి పీడించిన సమస్య ఒకటుంది. ఓ పార్ట్ గీసి, దాని ముఖంపై రంధ్రం పెట్టి, ఆ తర్వాత మొదటి కొలత మార్చితే.. రంధ్రం వేరే ముఖం మీదకు ఎగిరిపోయేది! ముఖాలకు, అంచులకు లోపల ఇచ్చే పేర్లు మారిపోవడమే దానికి కారణం. 1.0లో ఆ బాధ చాలావరకు తగ్గింది. టూల్ దారులు తయారుచేసే విభాగం పేరు కూడా పాత్ నుంచి క్యామ్‌గా మారింది. పాత వీడియోల్లో పాత్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఇదే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఓ చిన్న జాగ్రత్త. లైనక్స్‌లోని సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో ఫ్రీక్యాడ్ అని వెతికితే దొరుకుతుంది. కానీ అది పాతది కావచ్చు. డెబియన్ 12లో డిఫాల్ట్‌గా వచ్చేది 0.20 సిరీస్. కాబట్టి రెండు మంచి దారులున్నాయి. ఒకటి.. ఫ్లాట్‌హబ్ నుంచి ఫ్లాట్‌ప్యాక్‌గా పెట్టుకోవడం. రెండోది.. ఫ్రీక్యాడ్ అధికారిక సైట్ నుంచి యాప్‌ఇమేజ్ ఫైల్ డౌన్‌లోడ్ చేయడం. యాప్‌ఇమేజ్ అంటే ఇన్‌స్టాల్ అక్కర్లేని ఒకే ఒక్క ఫైల్. దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ప్రోగ్రామ్‌గా రన్ చేయడానికి అనుమతి టిక్ చేసి, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది.

తెరుచుకోకపోతే? ఉబుంటు 22.04, ఆ తర్వాతి వెర్షన్లలో కొన్ని యాప్‌ఇమేజ్‌లు నోరు విప్పవు. క్లిక్ చేస్తారు, ఏమీ జరగదు. ఎర్రర్ కూడా రాదు. పాత ఫ్యూజ్ 2 లైబ్రరీ ఇప్పుడు డిఫాల్ట్‌గా రాకపోవడమే దీనికి కారణం. లిబ్‌ఫ్యూజ్2 ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. 24.04లో ఆ ప్యాకేజీ పేరు చివర టీ64 అని అదనంగా ఉంటుంది. ఇక్కడ పేరు తప్పు రాసి, ఫైల్ పాడైందనుకుని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేసేవాళ్లు తక్కువేం కాదు.

బొమ్మ నుంచి కోడ్ వరకు

ఫ్రీక్యాడ్‌లో పార్ట్ గీశాక క్యామ్‌లోకి వెళ్లి జాబ్ తయారుచేయాలి. ముడి చెక్క లేదా లోహం సైజు ఎంత, జీరో ఎక్కడ, ఏ బిట్, స్పిండిల్ స్పీడ్ ఎంత, ఫీడ్ ఎంత.. అన్నీ అందులోనే చెప్పాలి. చుట్టూ కోయడానికి ప్రొఫైల్, లోపల గుంత తీయడానికి పాకెట్, రంధ్రాలకు డ్రిల్లింగ్. పని చివర్లో పోస్ట్ ప్రాసెసర్ ఎంచుకోవాలి. ఇది చాలా ముఖ్యం. ఒకే డిజైన్‌ను ఒక్కో మెషిన్‌కు అర్థమయ్యే యాసలో రాసిపెట్టేది ఇదే.

ఎందుకంత ముఖ్యమంటే.. జీఆర్‌బీఎల్ బోర్డుకు టూల్ మార్చమనే ఎం6 కమాండ్ అర్థం కాదు. డ్రిల్లింగ్ కోసం వాడే జీ81 కూడా తెలియదు. లైనక్స్‌సీఎన్‌సీకి ఈ రెండూ తెలుసు. లైనక్స్‌సీఎన్‌సీ కోసం తీసిన ఫైల్‌ను జీఆర్‌బీఎల్ మెషిన్‌కు ఇస్తే మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఖరీదైన టేకు చెక్క మీద సగం పనిలో ఆగిందంటే నష్టం ఎవరిదో చెప్పక్కర్లేదు.

మరో మాట. కోడ్ మొదట్లో జీ21 ఉంటే కొలతలు మిల్లీమీటర్లు, జీ20 ఉంటే అంగుళాలు. 10 మిల్లీమీటర్లు జరగాల్సిన చోట మెషిన్ దాన్ని 10 అంగుళాలుగా తీసుకుంటే.. 254 మిల్లీమీటర్లు దూసుకెళ్తుంది. బిట్ విరగొచ్చు, క్లాంప్‌కు తగలొచ్చు, చెయ్యి దగ్గరుంటే అంతకంటే ఘోరం జరగొచ్చు. అందుకే ఫైల్‌ను ముందు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి మొదటి పది లైన్లు చూడటం అలవాటు చేసుకోవాలి. కామోటిక్స్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో పెట్టి చూస్తే చెక్క ఎలా కోయబోతోందో స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

ఇక్కడ నిజం కూడా చెప్పుకోవాలి. బోల్టు రంధ్రాలు, బ్రాకెట్లు, ప్లేట్లు, పెట్టెలు.. కొలతలతో కూడిన పనికి ఫ్రీక్యాడ్ బాగుంటుంది. కానీ తలుపు మీద లక్ష్మీదేవి, నెమళ్లు, లతలు లాంటి ఎత్తుపల్లాల చెక్కడానికి ఇది సరైన పనిముట్టు కాదు. ఆ పనికి బ్లెండర్‌లో క్యామ్ యాడ్-ఆన్ పెట్టుకోవచ్చు. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. ఆర్ట్‌క్యామ్‌కు అలవాటు పడ్డ చేతికి మొదట్లో ఇది విసుగు తెప్పిస్తుంది.

యూఎస్‌బీ బోర్డు కనిపించడం లేదా?

జీఆర్‌బీఎల్ మెషిన్ వాళ్లను లైనక్స్‌లో ఎక్కువగా ఏడిపించే సమస్య ఇది. కేబుల్ పెట్టారు, లైట్ వెలిగింది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పోర్ట్ లేదు. ముందు చూడాల్సింది అనుమతి. లైనక్స్‌లో సీరియల్ పోర్ట్ వాడాలంటే మీ యూజర్ పేరు డయల్‌అవుట్ అనే గ్రూపులో ఉండాలి. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి.. ఇది మర్చిపోయి గంటలు వృథా చేసుకుంటారు.

అయినా రాకపోతే విచిత్రమైన కారణం ఇంకోటి ఉంది. చవక ఆర్డినో బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్ ఉంటుంది. ఉబుంటు 22.04లో, అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే బీఆర్ఎల్‌టీటీవై అనే సర్వీస్ ఉంది. అది ఈ చిప్‌ను చూసి బ్రెయిలీ పరికరమే వచ్చిందని పొరబడి పోర్ట్‌ను లాగేసుకుంటుంది! ఆ కంప్యూటర్‌ను బ్రెయిలీ డిస్‌ప్లేతో వాడేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ ప్యాకేజీని తీసేస్తే పోర్ట్ వెంటనే ప్రత్యక్షమవుతుంది. ఒకవేళ ఇంట్లోనో షాపులోనో బ్రెయిలీ వాడేవారుంటే దాన్ని తీయకుండా, ఈ చిప్‌కు సంబంధించిన రూల్‌ను మాత్రమే ఆపాలి.

లైనక్స్‌సీఎన్‌సీ.. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ నుంచి చిన్న షెడ్డు దాకా

దీని వెనుక ఆసక్తికరమైన కథ ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 1990లలో ఈఎంసీ పేరుతో ఓ మెషిన్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. మిషిగన్ రాష్ట్రం పాంటియాక్‌లోని జనరల్ మోటార్స్ ప్లాంట్‌లో దాన్ని పరీక్షించారు. ప్రభుత్వ డబ్బుతో చేసిన పని కాబట్టి కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. తర్వాత వలంటీర్లు దాన్ని ఈఎంసీ2గా మార్చారు. ఈఎంసీ పేరుతో పెద్ద స్టోరేజ్ కంపెనీ ఉండటంతో 2011లో పేరు లైనక్స్‌సీఎన్‌సీ అయింది.

ఇది మామూలు ప్రోగ్రామ్ లాంటిది కాదు. స్టెప్పర్ మోటార్‌కు పల్స్‌లు క్షణం తప్పకుండా వెళ్లాలి. వీడియో చూసేటప్పుడు కంప్యూటర్ అర సెకను ఆగితే మనకు పెద్ద తేడా తెలియదు. మోటార్ తిరిగేటప్పుడు అందులో వెయ్యో వంతు తేడా వచ్చినా స్టెప్ పోతుంది, పార్ట్ పాడవుతుంది. అందుకే దీనికి రియల్‌టైమ్ కెర్నల్ కావాలి. ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా ఉన్న ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన లైనక్స్ కెర్నల్‌లో కలిసిపోయింది.

ఇన్‌స్టాల్ చేయడానికి తేలికైన మార్గం లైనక్స్‌సీఎన్‌సీ సైట్‌లోని రెడీమేడ్ ఐఎస్‌ఓ ఫైల్. 2.9 సిరీస్ ఐఎస్‌ఓ డెబియన్ 12పై తయారైంది. రియల్‌టైమ్ కెర్నల్ అందులోనే వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో రాసి, కంప్యూటర్‌ను దాని నుంచి బూట్ చేయాలి. అయితే వెంటనే ఇన్‌స్టాల్ బటన్ నొక్కొద్దు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి లేటెన్సీ టెస్ట్ చేయాలి.

ఆ ఒక్క టెస్ట్‌తోనే తేలిపోతుంది

లేటెన్సీ అంటే కంప్యూటర్ చెప్పిన టైమ్‌కు పని చేయడంలో ఎంత ఆలస్యం చేస్తుందో చూపే లెక్క. టెస్ట్ నడుస్తుండగా పెద్ద ఫైళ్లు కాపీ చేయండి, వీడియో పెట్టండి, విండోలు అటూ ఇటూ లాగండి. కనీసం కొన్ని నిమిషాలు నడపాలి, గంట నడిపితే ఇంకా మంచిది. మ్యాక్స్ జిట్టర్ దగ్గర కనిపించే అంకె చూడాలి. అది నానోసెకన్లలో ఉంటుంది.

లైనక్స్‌సీఎన్‌సీ డాక్యుమెంటేషన్ ప్రకారం 15 నుంచి 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే ప్యారలల్ పోర్ట్‌తోనే మెషిన్ చక్కగా నడుస్తుంది. 30 నుంచి 50 మధ్య ఉన్నా ఫర్వాలేదు, స్పీడ్ కాస్త తగ్గుతుంది. 100 దాటితే ఆ కంప్యూటర్ నేరుగా పల్స్‌లు ఇవ్వడానికి పనికిరాదు. 1 మిల్లీసెకను దాటితే ఏ రకంగానూ పనికిరాదు.

ఈ అంకెకు మెషిన్ స్పీడ్‌కు లింకేంటి? ఓ లెక్క చూద్దాం. 200 స్టెప్పుల మోటార్, 8 మైక్రోస్టెప్‌లు, ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ అనుకుందాం. అంటే చుట్టుకు 1600 పల్స్‌లు, మిల్లీమీటర్‌కు 320. కంప్యూటర్ 25 మైక్రోసెకన్లకోసారి పని చేయగలిగితే, ఒక పల్స్‌కు ఆన్, ఆఫ్ అని రెండు విడతలు పడతాయి కాబట్టి సెకనుకు 20 వేల పల్స్‌లు వస్తాయి. నిమిషానికి 3750 మిల్లీమీటర్ల స్పీడ్! అదే 100 మైక్రోసెకన్లు పడితే సెకనుకు 5 వేల పల్స్‌లే. స్పీడ్ నిమిషానికి దాదాపు 940 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మెషిన్ అదే, మోటార్ అదే.. పని టైమ్ మాత్రం నాలుగింతలవుతుంది.

అంకె ఎక్కువొస్తే బయోస్‌లో పవర్ సేవింగ్ ఆప్షన్లు, సీ-స్టేట్స్, హైపర్‌థ్రెడింగ్ ఆపి మళ్లీ చూడాలి. విచిత్రమేంటంటే కొత్త ఖరీదైన కంప్యూటర్ ఫెయిలై, పాత ఆఫీస్ డెస్క్‌టాప్ పాసయ్యే సందర్భాలూ ఉంటాయి. ల్యాప్‌టాప్‌లు సాధారణంగా ఈ పరీక్షలో నిలబడవు, వాటి పవర్ మేనేజ్‌మెంట్ అలాంటిది. వర్చువల్ మెషిన్‌లో పెట్టి నిజమైన మెషిన్‌ను నడపాలన్న ఆలోచన అసలే వద్దు. యూఎస్‌బీ నుంచి ప్యారలల్ పోర్ట్‌కు మార్చే కేబుల్ కూడా పనిచేయదు.

కంప్యూటర్ ఫెయిలైతే ఇంకో దారి ఉంది. మెసా కంపెనీ తయారుచేసే ఈథర్‌నెట్ కార్డులు పల్స్‌లు తయారుచేసే భారాన్ని తమ మీద వేసుకుంటాయి. కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి ఆదేశం పంపితే చాలు. ఖర్చు అవుతుంది, కానీ మెషిన్ స్పీడ్ బాగా పెరుగుతుంది. రోజంతా పని చేసే మెషిన్‌కు ఇదే మేలు.

ఇన్‌స్టాల్ అయ్యాక..

ప్యారలల్ పోర్ట్ వాళ్లకు స్టెప్‌కాన్ఫ్, మెసా కార్డు వాళ్లకు పీఎన్‌సీకాన్ఫ్ అనే విజార్డులు ఉంటాయి. ఏ పిన్ ఏ మోటార్‌కు, స్క్రూ పిచ్ ఎంత, లిమిట్ స్విచ్‌లు ఎక్కడ.. అడిగినవి నింపితే కాన్ఫిగరేషన్ తయారవుతుంది. అందుకే పాత సాఫ్ట్‌వేర్ తీసేముందే అందులోని పిన్ నంబర్లు, స్టెప్స్ పర్ మిల్లీమీటర్, స్పీడ్ సెట్టింగ్‌ల స్క్రీన్‌లను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. బ్రేకౌట్ బోర్డు వైరింగ్ కూడా.

మెషిన్ లేకపోయినా నేర్చుకోవాలనుకునే ఐటీఐ, డిప్లొమా విద్యార్థులకు ఓ శుభవార్త. లైనక్స్‌సీఎన్‌సీలో సిమ్యులేషన్ మోడ్ ఉంటుంది. మెషిన్ లేకుండానే స్క్రీన్ మీద జీరో సెట్ చేయడం, ప్రోగ్రామ్ నడపడం అన్నీ ప్రాక్టీస్ చేయొచ్చు. దీనికి లేటెన్సీ గొడవ కూడా లేదు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట్ల కోర్సుల్లో చేరేవాళ్లు కూడా ముందుగా ఇంట్లో జీ కోడ్ మీద చెయ్యి తిప్పుకోవచ్చు.

మొదటిసారి అసలు మెషిన్ ఆన్ చేసేటప్పుడు బిట్ తీసేసి, ఫీడ్ తగ్గించి, గాల్లో నడపాలి. స్క్రీన్ మీద కనిపించే ఈ-స్టాప్ బటన్‌ను నమ్ముకోవద్దు. కంప్యూటర్ హ్యాంగ్ అయితే ఆ బటనూ హ్యాంగ్ అవుతుంది. మోటార్లకు, స్పిండిల్‌కు పవర్ నేరుగా కట్ చేసే ఎర్ర బటన్ మెషిన్ మీదే, చెయ్యి అందే చోట ఉండాలి. అది లేని మెషిన్‌కు సాఫ్ట్‌వేర్ మార్చడం కన్నా ముందు చేయించాల్సిన పని అదే.

ఇక షాపులో ఉన్నది ఒకే మెషిన్ అయితే పండగ సీజన్‌లో, ఆర్డర్లు నెత్తిమీద ఉన్నప్పుడు ఈ మార్పు పెట్టుకోవద్దు. పాత హార్డ్‌డిస్క్‌ను చెరపకుండా ఊడదీసి పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లైనక్స్ వేసుకుంటే సరి. కొత్తది కుదురుకునే దాకా ఏ రోజు అడ్డం తిరిగినా పాత డిస్క్ బిగించి ఆ రోజు పని పూర్తి చేసుకోవచ్చు. లైనక్స్‌సీఎన్‌సీ కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి, దాని మీద మెషిన్ పేరు రాసి కంట్రోల్ బాక్స్‌లోనే ఉంచండి.